ఆ 5.6 సెకన్ల రికార్డు ఎవరిది?

డ్రైవరు లేని వాహనాలకు రోడ్డు మీదికి అనుమతులిస్తున్న రవాణా అధికారులకూ, ఆ వాహనాల కోసం కొత్త చట్టాలు రాస్తున్న శాసనకర్తలకూ,

నమస్కారం.

నేను రోడ్డు ప్రమాదాల్లో గాయపడిన పాదచారుల తరఫున నష్టపరిహారం కేసులు వాదించే న్యాయవాదిని. డ్రైవరు లేని కార్లు రావాలా వద్దా అని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. అవి ఇప్పటికే కొన్ని నగరాల్లో ఛార్జీ తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకుని తిరుగుతున్నాయి. మిగతా చోట్ల వాటి అనుమతుల ఫైళ్లు మీ బల్లల మీదికి వస్తున్నాయి. ఆ ఫైళ్లలో వాహనం గురించి, సాఫ్ట్‌వేర్ గురించి, పరీక్షల్లో తిరిగిన దూరం గురించి ఎన్నో పేజీలు ఉంటాయి. అదే వాహనం రేపు ఒక మనిషిని గుద్దితే ఆ మనిషికి ఏ హక్కులుంటాయి, వాటిని రుజువు చేసుకునే దారి ఏమిటి అన్న విషయానికి వాటిలో ఎన్ని పేజీలు కేటాయించారో ఒకసారి చూడమని అడగడానికే రాస్తున్నాను.

మామూలు ప్రమాదంలో సాక్ష్యం చాలావరకు రోడ్డు మీదే పడి ఉంటుంది. టైర్లు ఈడ్చుకుపోయిన గుర్తులు, పగిలిన హెడ్‌లైటు ముక్కలు, చెప్పు ఎగిరిపడిన చోటు, ఆ పక్కన నిలబడి చూసినవాళ్లు. వీటన్నిటికంటే ముఖ్యమైన సాక్షి స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి. నా కక్షిదారు ఒకాయనకు రోడ్డు దాటడానికి కుడికాలు ముందుకు వేయడం వరకే గుర్తుంది, ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు. తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లలో ఇది తరచూ జరిగేదే. తన కేసులో తానే సాక్ష్యం చెప్పలేని స్థితి ఆయనది. అయినా ఆ కేసు నిలబడిందంటే అవతలి డ్రైవరు బోనెక్కాడు కాబట్టి. "ముందున్న మనిషిని ఎప్పుడు చూశారు?" అన్న ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడిగాక, నాలుగోసారి అతను తలవంచుకుని, ఆ క్షణంలో తాను రేడియో స్టేషన్ మారుస్తున్నానని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ సీటు ఖాళీ. బోనెక్కించడానికి ఎవరూ లేరు. అలాగని జవాబు లేకుండా పోలేదు. ఆ యంత్రం మనిషిని ఎప్పుడు చూసింది, చూసి ఏమనుకుంది, అనుకున్నాక ఎందుకు ఆగలేదు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉంటుంది. ఏ డ్రైవరు జ్ఞాపకమూ ఇవ్వలేనంత కచ్చితంగా, సెకనులో పదో వంతు దాకా లెక్కగట్టి ఉంటుంది. కాకపోతే అది రోడ్డు మీద పడి ఉండదు, గుద్దినవారి సర్వర్‌లో ఉంటుంది. నా విన్నపమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే.

2018 మార్చి 18 రాత్రి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీ నగరంలో, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఊబర్ పరీక్షిస్తున్న స్వయంచాలిత వోల్వో కారు గుద్దింది, ఆమె మరణించింది. ఆమె దాటింది జీబ్రా గీతల మీద కాదు, ఆ సంగతి దాచాల్సిన పనిలేదు. అయితే ఆ కారు ఆమెను ముందే చూసింది. గుద్దడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ ఆమెను పట్టుకుని 'వాహనం' అని పేరు పెట్టింది. కాసేపటికి ఆ పేరు 'ఇతర వస్తువు'గా మారింది, తర్వాత 'సైకిల్' అయింది, మళ్లీ మారింది. పేరు మారిన ప్రతిసారీ ఆ సాఫ్ట్‌వేర్ అంతకుముందు ఆమె ఎటు కదులుతూ వచ్చిందన్న చరిత్రను పక్కన పడేసి, ఆమెను కొత్తగా కనిపించిన వస్తువుగానే లెక్కవేసింది. జీబ్రా గీతల బయట మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచనే ఆ డిజైనులో లేదు. ప్రమాదం తప్పదని తేలాక కూడా, అనవసరంగా బ్రేకులు పడకుండా పెట్టిన ఏర్పాటు ఒకటి మరో సెకనును మింగేసింది. వోల్వో కంపెనీ తన కార్లలో పెట్టే అత్యవసర బ్రేకు వ్యవస్థ, ఊబర్ వ్యవస్థ నడుపుతున్నంతసేపూ పనిచేయకుండా ఆపి ఉంది. కారు గంటకు 39 మైళ్ల వేగంతో, అంటే సుమారు 63 కిలోమీటర్ల వేగంతో ఆమెను గుద్దింది.

ఇదంతా మనకు ఎలా తెలిసింది? అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు (ఎన్‌టీఎస్‌బీ) ఇరవై నెలల పాటు దర్యాప్తు చేసి, 2019 నవంబరులో తేల్చింది కాబట్టి. సమన్లు పంపే అధికారం, ఇంజినీర్లు, ఏళ్ల అనుభవం ఉన్న ప్రభుత్వ సంస్థ అది. ఆ బోర్డు ఏటా కొద్దిపాటి రోడ్డు ప్రమాదాలనే ఎంచుకుని అంత లోతుగా చూస్తుంది. కాలు విరిగి, ఉద్యోగం పోయి, వైద్య ఖర్చులకు అప్పులు చేస్తున్న ఒక మామూలు పాదచారి కోసం అటువంటి సంస్థ ఎక్కడా కదలదు. ఇందులో మరో మెలిక కూడా ఉంది. ఆ బోర్డు నివేదికను నష్టపరిహారం దావాలో సాక్ష్యంగా వాడటానికి అమెరికా చట్టమే ఒప్పుకోదు. ప్రమాదాలు మళ్లీ జరగకుండా చూడటమే తప్ప తప్పెవరిదో తేల్చడం ఆ బోర్డు పని కాదన్నది దాని వెనక ఉన్న తర్కం. ఆ తర్కంలో అర్థముంది. కాకపోతే లోకమంతా చదివిన నిజాన్ని బాధితుడు మాత్రం తన కోర్టులో మళ్లీ మొదటినుంచి రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

ఆ కేసులో శిక్ష పడింది సీట్లో పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగికి. ప్రమాద సమయంలో ఫోన్‌లో కార్యక్రమం చూస్తున్నారని పోలీసులు ఆరోపించిన ఆ వ్యక్తి, 2023లో తక్కువ తీవ్రత గల నేరాన్ని ఒప్పుకుని మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు పర్యవేక్షణలో ఉండే శిక్ష) పొందారు. కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని ప్రాసిక్యూటర్ 2019లోనే తేల్చేశారు. మృతురాలి కుటుంబంతో కంపెనీ రాజీ రెండు వారాలు తిరగకముందే ముగిసింది. ఆ కుటుంబాన్ని తప్పుపట్టను. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేయవచ్చు. అయితే రాజీ పత్రం మీద సంతకం పడిననాటికి 5.6 సెకన్ల సంగతి బయటి ప్రపంచంలో ఎవరికీ తెలియదని గమనించండి. ఒక పక్షం దగ్గర మొత్తం రికార్డు, రెండో పక్షం దగ్గర మరణ ధ్రువీకరణ పత్రం. అలాంటి బేరం సమానుల మధ్య బేరం అవుతుందా?

రికార్డు దొరకడం ఎంత కష్టమో తెలియాలంటే మయామీ ఫెడరల్ కోర్టులో 2025 ఆగస్టులో జ్యూరీ తీర్పు వచ్చిన కేసును చూడాలి. అది పూర్తిగా డ్రైవరు లేని కారు కాదు, డ్రైవరుకు సాయపడే ఆటోపైలట్ వ్యవస్థ ఉన్న టెస్లా. ఆ తేడాను చెరిపేయడం నా ఉద్దేశం కాదు. 2019లో ఫ్లోరిడాలో రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు దగ్గర నిలబడిన ఇద్దరిని అది గుద్దింది. యువతి మరణించింది, ఆమెతో ఉన్న యువకుడు తీవ్రంగా గాయపడ్డాడు. జారిపడిన ఫోన్ కోసం వంగానని డ్రైవరే చెప్పాడు. ఢీకొన్న క్షణంలో కారు నమోదు చేసిన సమాచారం తమ దగ్గర దొరకడం లేదని కంపెనీ చెబుతూ వచ్చింది. చివరికి బాధితులు పెట్టుకున్న నిపుణుడు కారులోని కంప్యూటర్ చిప్‌ను విప్పి చూస్తే, ప్రమాదం జరిగిన కొద్ది నిమిషాల్లోనే ఆ సమాచారం కంపెనీ సర్వర్లకు చేరిందని, కారులో ఉన్న నకలు చెరిగిపోయిందని తేలింది. అది పొరపాటే తప్ప కావాలని దాచింది కాదని కంపెనీ వాదించింది. జ్యూరీ 33 శాతం బాధ్యతను కంపెనీ మీద పెట్టి, శిక్షాత్మక పరిహారంతో కలిపి సుమారు 24.3 కోట్ల డాలర్లు చెల్లించమంది. అంత పెద్ద తీర్పు వచ్చింది కదా, వ్యవస్థ పనిచేసినట్టే కదా అని నాతో అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో ఇంకొకటి కనిపిస్తుంది: చిప్ విప్పగల నిపుణుడికి ఫీజు కట్టి, ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉన్న కుటుంబం కాబట్టి ఆ నిజం బయటపడింది.

బాధితుల సంగతి సరే, అనుమతులిచ్చిన మీకైనా ఆ సమాచారం పూర్తిగా అందుతుందా? 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి నడుపుతున్న వేరే కారు గుద్దడంతో ఎగిరిపడిన ఒక మహిళ, పక్క వరుసలో వస్తున్న క్రూజ్ కంపెనీ డ్రైవరు లేని కారు ముందు పడింది. కారు బ్రేకు వేసింది గాని ఆగేలోపే తగిలింది. అక్కడితో ఆగి ఉంటే ఈ ఘటన ఇంత దూరం వచ్చేది కాదు. రోడ్డు వారగా వెళ్లి ఆగాలని ఆ సాఫ్ట్‌వేర్ నిర్ణయించుకుంది. కింద మనిషి ఉందన్న సంగతి గుర్తించకుండానే ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. మరుసటి రోజు అధికారులతో జరిగిన సమావేశంలో ఈడ్చుకుపోయిన సంగతిని కంపెనీ మనుషులు నోటితో చెప్పలేదు. వీడియో చూపిస్తే అదే చెబుతుందిలే అనుకున్నారు. ఇంటర్నెట్ సరిగా లేక ఆ వీడియో కూడా తడబడిందని కంపెనీ తరఫు న్యాయవాదుల నివేదికే తర్వాత రాసింది. ఆ తర్వాత కాలిఫోర్నియా అనుమతి సస్పెండ్ అయింది, జరిమానాలు పడ్డాయి, తప్పుడు నివేదిక ఇచ్చిన నేరాన్ని కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో మాతృసంస్థ జనరల్ మోటార్స్ ఆ టాక్సీ వ్యాపారాన్నే ఆపేసింది. లైసెన్సు రద్దు చేయగల అధికారుల ముందే వీడియో తడబడితే, ఆసుపత్రి మంచం మీదున్న మనిషి ముందు అది ఎలా ఆడుతుందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడున్న నియమాల్లో రికార్డు గురించిన మాట లేదని నేననను. ఐక్యరాజ్యసమితి 157వ వాహన నియమం, హైవే మీద వరుస తప్పకుండా తనంతట తాను నడిచే వ్యవస్థ ఉన్న కార్లలో ఒక రికార్డు పెట్టె ఉండాలంది. జర్మనీ 2017లో అటువంటి నిబంధనే పెట్టి, మామూలుగా ఆరు నెలలు, ప్రమాదం జరిగితే మూడేళ్లు ఆ సమాచారాన్ని భద్రపరచమంది. దావా వేయడానికి అవసరమైన మూడో వ్యక్తికి దాన్ని ఇవ్వాలని కూడా చెప్పింది. మంచి ఆరంభం. అయితే ఈ పెట్టెలు ప్రధానంగా ఏం రాసుకుంటాయో చూడండి: ఏ సమయంలో, ఎక్కడ నియంత్రణ మనిషి నుంచి యంత్రానికి, యంత్రం నుంచి మనిషికి మారింది అన్నది. ఆ క్షణంలో నడుపుతున్నది డ్రైవరా, కంపెనీ సాఫ్ట్‌వేరా అన్న తగవు తీర్చడానికి పుట్టిన రికార్డు అది. ఆ తగవు వాళ్లిద్దరిది. కింద పడ్డ మనిషి అడిగేది ఎవరు నడిపారని కాదు, నన్ను చూసి ఎందుకు ఆగలేదని. దానికి కెమెరా, రాడార్, లైడార్ (లేజర్ కాంతితో దూరాన్ని కొలిచే సెన్సర్) ఏం చూశాయో, సాఫ్ట్‌వేర్ దానికి ఏ పేరు పెట్టిందో, బ్రేకు ఆదేశం ఎప్పుడు వెళ్లిందో, దూరంగా కూర్చుని సాయపడే ఉద్యోగి ఎవరైనా ఉంటే అతని తెర మీద ఏం కనిపించిందో, ఇవన్నీ కావాలి.

ఇక్కడ కంపెనీలు వ్యాపార రహస్యం అన్న మాట ఎత్తుతాయి. నేను అడుగుతున్నది వాళ్ల సోర్స్ కోడ్ కాదు. ఒక మనిషి ఎముకలు విరిగిన ఆ అర నిమిషపు రికార్డు రహస్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. నిజంగానే అందులో దాచవలసిందేదైనా ఉంటే మూసిన గదిలో న్యాయమూర్తి చూస్తారు. కోర్టులకు అది కొత్త విద్యేమీ కాదు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఉత్పత్తి బాధ్యత డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఆదేశం) ఈ దారిలో ధైర్యంగా ఒక అడుగు వేసింది. సాఫ్ట్‌వేర్‌ను కూడా ఉత్పత్తిగానే చూడమంది. కోర్టు అడిగిన ఆధారాన్ని తయారీదారు ఇవ్వకపోతే ఆ వస్తువులో లోపముందనే భావించమంది. 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు అది వర్తిస్తుంది. నా దృష్టిలో ఈ భావన పాదచారికి ఎంత పెద్ద జరిమానా కంటే కూడా విలువైనది, ఎందుకంటే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, ఈ భావన బాధితుడి కేసును నిలబెడుతుంది.

డబ్బు ముందు ఎవరు చెల్లించాలన్నది ఇంతకంటే తేలికైన విషయం. బ్రిటన్ 2018 చట్టం దాన్ని రెండు ముక్కల్లో తేల్చింది: కారు తనంతట తాను నడుస్తూ ఎవరినైనా గాయపరిస్తే ముందు ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి చెల్లించాలి, ఆ తర్వాత తయారీదారు దగ్గర వసూలు చేసుకోవాలంటే ఆ పాట్లు అది పడాలి. సాఫ్ట్‌వేర్ రాసినవారు, సెన్సర్ చేసినవారు, కారు కట్టినవారు, దాన్ని నడిపించే సంస్థ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుంటున్నంతకాలం గాయపడినవాడు వేచి ఉండనక్కరలేదు. ఎక్కడైనా కాపీ కొట్టదగిన నిబంధన ఇది.

పాదచారి తప్పు అన్న అంశం అంత తేలిక కాదు, దాని మీద కాసేపు ఆగాలి. చాలా చోట్ల గాయపడినవాడి నిర్లక్ష్యం ఎంతో లెక్కగట్టి పరిహారంలో అంత కోస్తారు. బ్రిటన్ చట్టమూ అందుకు వీలిచ్చింది. మనిషికి మనిషికి మధ్య ప్రమాదంలో ఆ లెక్కకు అర్థముంది, ఎందుకంటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఎదుటి డ్రైవరు తల ఊపితేనో, చెయ్యి చూపితేనో మనం అడుగు ముందుకు వేస్తాం. ఖాళీ సీటు తల ఊపదు. అది నన్ను చూసిందో లేదో తెలుసుకునే మార్గం నాకు లేదు. పైగా ఆ యంత్రానికి నేను ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు. కారులో కూర్చున్న ప్రయాణికుడు యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కాడు, యజమాని కొనుగోలు పత్రం మీద సంతకం పెట్టాడు. ఈ ప్రయోగంలో తన అనుమతి అడగకుండా చేర్చిన ఏకైక వ్యక్తి పాదచారి. టెంపీలో చూశాం కదా, మనిషి గీతల బయట నడవడం తప్పే కావచ్చు, గీతల బయట మనిషి ఉంటాడని అసలు ఊహించకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఫ్రాన్స్ 1985 నుంచి ఇంకో పద్ధతి పాటిస్తోంది: క్షమించరాని తప్పు చేసి, ప్రమాదానికి అదొక్కటే కారణమైతే తప్ప పాదచారి పరిహారంలో కోత ఉండదు, 16 ఏళ్ల లోపువారికీ, 70 దాటినవారికీ, తీవ్ర వైకల్యం ఉన్నవారికీ ఆ మినహాయింపు కూడా వర్తించదు, తమ గాయాన్ని తాము కావాలని కోరి తెచ్చుకుంటే తప్ప. పిల్లవాడు బంతి వెనక పరుగెత్తుతాడన్నది మనుషుల డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి వారమే చెప్పే పాఠం. అది నేర్వని యంత్రం తన లోపానికి పిల్లవాడి మీద వాటా వేయకూడదు.

ఈ వాహనాలు మనుషులకంటే జాగ్రత్తగా నడుస్తాయని, ప్రమాదాలు తగ్గుతాయని కంపెనీలు లెక్కలు చూపిస్తున్నాయి. ఆ లెక్కలు నిజమైతే నాకంటే సంతోషించేవారు ఉండరు; నా వృత్తికి పని తగ్గడం మంచి వార్తే. కాని సగటు మెరుగుపడిందన్న మాట ఆ సగటులో పడి గాయపడిన ఒక్క మనిషి దావాకు జవాబు కాదు. ప్రమాదాలు నిజంగా అంత అరుదైతే, ప్రతి బాధితుడికీ పూర్తి రికార్డు ఇవ్వడం కంపెనీకి బరువు కూడా కాదు.

కనుక కొత్త అనుమతి పత్రాల్లోనూ, ఇప్పటికే ఉన్న అనుమతులను పునరుద్ధరించేటప్పుడూ ఈ షరతును చేర్చమని కోరుతున్నాను. పదాలు మీరు సరిచేసుకోవచ్చు, సారం మాత్రం తగ్గించవద్దు:

"ఈ అనుమతి కింద తిరిగే వాహనం ఒక వ్యక్తిని గాయపరిచినా, ఆ వ్యక్తి మరణానికి కారణమైనా, ఘటనకు ముందు 30 సెకన్లు, తర్వాత వాహనం పూర్తిగా ఆగేవరకు సెన్సర్లు నమోదు చేసిన సమాచారాన్ని, సాఫ్ట్‌వేర్ చేసిన వర్గీకరణలను, నియంత్రణ ఆదేశాలను, దూరం నుంచి సాయపడిన సిబ్బంది రికార్డులను అనుమతిదారు వెంటనే భద్రపరిచి, ఒక ప్రతిని అనుమతిచ్చిన అధికారికి అప్పగించాలి. గాయపడిన వ్యక్తి, లేదా మరణించిన వ్యక్తి కుటుంబం, లేదా వారి తరఫు న్యాయవాది అడిగిన 15 రోజుల్లో అదే ప్రతిని ఉచితంగా, చదవగల రూపంలో వారికి ఇవ్వాలి. ఆ ప్రతి అందకముందు కుదిరిన ఏ రాజీ అయినా, బాధితుడు కోరితే రద్దవుతుంది. రికార్డు లేకపోయినా, చెరిగిపోయినా, ఇవ్వకపోయినా, ప్రమాదానికి వాహన వ్యవస్థ లోపమే కారణమని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసే భారం అనుమతిదారుదే."

ఇట్లు,
పాదచారుల తరఫున వాదించే ఒక న్యాయవాది